ధ్రువాల దగ్గరి చిన్న కొండ పేరు వెనక కథ తవ్వి తీయడం ఎలా

అంటార్కిటికా మ్యాపు తెరిచి ఎక్కడో ఒకచోట జూమ్ చేసి చూడండి. తెల్లటి మంచు తప్ప ఇంకేం ఉంటుందిలే అనుకున్న చోట పేర్లు గుంపులుగా బయటపడతాయి. ఫలానా పీక్, ఫలానా బ్లఫ్ (నిటారు చరియ), ఫలానా నూనటాక్ (మంచులోంచి తల బయటపెట్టిన రాతి శిఖరం). నరమానవుడు కాపురం ఉండని నేలలో, ఏళ్ళ తరబడి ఎవరూ వెళ్ళని ఒక గుట్టకి పేరు ఎవరు పెట్టారు, ఎవరిని అడిగి పెట్టారు, ఆ పేరుగల మనిషి అసలు ఆ గుట్టని చూశాడా? ఈ ప్రశ్నలకి జవాబులు చాలావరకు దొరుకుతాయి, ఇంట్లో కూర్చునే, పైసా ఖర్చు లేకుండా. కాకపోతే ఎక్కడ వెతకాలో, దొరికిన నాలుగు వాక్యాల్ని ఎలా చదవాలో తెలియాలి. చాలామంది ఆ రెండో దగ్గరే బోల్తా పడతారు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ధ్రువ ప్రాంతంలో ఒక కొండని చూడటం, దాన్ని మ్యాపు మీదికి ఎక్కించడం, దానికి పేరు పెట్టడం అనేవి మూడు వేర్వేరు పనులు. మూడూ ఒకే మనిషి చేతి మీద జరిగిన సందర్భాలు ఉన్నాయి, కానీ చిన్న శిఖరాల విషయంలో అది అరుదు. ఒకళ్ళు విమానంలోంచి ఫోటో తీస్తారు, కొన్నేళ్ళ తర్వాత ఇంకొకళ్ళు ఆఫీసులో కూర్చుని ఆ ఫోటోల్ని చూస్తూ గీతలు గీస్తారు, ఆ తర్వాతెప్పుడో ఒక కమిటీ కూర్చుని పేరు ఖాయం చేస్తుంది. ఈ మూడింటినీ కలిపేసి "ఫలానా ఆయన ఈ శిఖరాన్ని కనిపెట్టాడు, అందుకే ఆయన పేరు పెట్టారు" అని రాస్తే చాలాసార్లు మూడు ముక్కల్లో మూడూ తప్పే అవుతాయి.

ఎక్కడ వెతకాలి

అంటార్కిటికాకి ప్రభుత్వం లేదు. 1959 డిసెంబర్ 1న పన్నెండు దేశాలు వాషింగ్టన్‌లో అంటార్కిటిక్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి, అది 1961 జూన్ 23న అమల్లోకి వచ్చింది. ఈ నేల మాది అన్న దేశాల వాదనల్ని ఆ ఒప్పందం ఒప్పుకోలేదు, కొట్టిపారెయ్యనూ లేదు, ఎక్కడివక్కడ ఆపేసింది. అందుకే పేర్ల విషయంలోనూ అందరి మీదా పెత్తనం చేసే ఆఫీసు ఏదీ లేదు. ఎవరి కమిటీ వాళ్ళది. అమెరికాలో భౌగోళిక నామాల బోర్డు 1890 నుంచి ఉంది, దాని కింద అంటార్కిటికా పేర్ల కోసం ఒక సలహా కమిటీ 1940లలో మొదలైంది. బ్రిటన్ వాళ్ళ కమిటీ 1945లో వచ్చింది, బల్గేరియా వాళ్ళది 1994లో. నార్వే, రష్యా, అర్జెంటీనా, చిలీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇలా ఎవరి జాబితా వాళ్ళు రాసుకుంటూ పోయారు.

ఈ జాబితాలన్నీ ఒకచోట దొరికేది స్కార్ అనే సంస్థ దగ్గర. ఇది అంటార్కిటిక్ పరిశోధనల కోసం 1958లో ఏర్పడ్డ అంతర్జాతీయ శాస్త్ర కమిటీ. 1992లో వీళ్ళు మొదలుపెట్టిన 'కాంపోజిట్ గెజిటీర్ ఆఫ్ అంటార్కిటికా'లో (గెజిటీర్ అంటే స్థలాల పేర్ల జాబితా) 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి అవతల ఉన్న పేర్లు ముప్పై వేలకి పైనే ఉన్నాయి. ఆన్‌లైన్లో ఉచితం. మీ మొదటి మజిలీ ఇదే. అయితే స్కార్ సొంతంగా పేర్లు పెట్టదు, దేశాలు ఇచ్చిన వాటిని పోగుచేసి పెడుతుంది, అంతే. కాబట్టి ఒకే కొండకి మూడు ఎంట్రీలు కనిపిస్తే కంగారు పడకండి. అది గెజిటీర్ తప్పు కాదు, నిజంగానే ఆ కొండకి మూడు పేర్లు ఉన్నాయన్నమాట.

వెతికేటప్పుడు పేరు మొత్తం కొట్టకుండా అసలు ముక్క ఒక్కటే కొట్టండి. ఇంగ్లిష్‌లో మౌంట్, పీక్ అని ఉన్నది స్పానిష్‌లో మోంటే, పికో, సెర్రో అని ఉంటుంది, రష్యన్‌లో గొరా, నార్వే భాషలో పేరు చివర అతుక్కుని వచ్చే ఫ్యెల్లెట్, టొప్పెన్. పేరుతో దొరక్కపోతే అక్షాంశ రేఖాంశాలతో చుట్టుపక్కల గాలించండి. నిజానికి పేరుతో వెతకడం కంటే ఇదే నమ్మకమైన దారి, ఎందుకంటే స్పెల్లింగులు మారతాయి కానీ కొండ కదలదు. ఆ తర్వాత ఆయా దేశాల సొంత గెజిటీర్లకి వెళ్ళండి, కథ పూర్తి పాఠం అక్కడ ఉంటుంది. అమెరికా పేర్లకైతే ఆ దేశపు జియలాజికల్ సర్వే నడిపిన డేటాబేస్. వికీపీడియాలో అంటార్కిటికా కొండల మీద ఉన్న చిన్న వ్యాసాల్లో చాలావాటి మూలం ఇదే, ఇందులోని వాక్యాల్ని దాదాపు యథాతథంగా ఎత్తి పెట్టారు. కాబట్టి అక్కడ చదివింది ఇక్కడ కూడా అలాగే కనిపిస్తే "రెండు చోట్ల ధ్రువపడింది" అని సంబరపడకండి.

ఎంట్రీని విప్పి చదవడం

ఇక అసలు పని. ఒక నిజమైన కొండని తీసుకుందాం, మౌంట్ సిన్హా. పశ్చిమ అంటార్కిటికాలో మేరీ బైర్డ్ లాండ్ అనే ప్రాంతంలో ఉంది. ఎత్తు 990 మీటర్లు. ఎంట్రీ సారాంశం ఇలా ఉంటుంది: మెక్‌డొనాల్డ్ హైట్స్‌లో ఎరిక్సన్ బ్లఫ్స్ ఆగ్నేయ కొసన ఉన్న కొండ, అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు 1959 తర్వాతి సర్వేలు, నేవీ విమాన ఫోటోల ఆధారంగా మ్యాపు చేశారు, బెల్లింగ్స్‌హౌజెన్, అముండ్సెన్ సముద్రాల్లో సౌత్‌విండ్ అనే కోస్ట్ గార్డ్ నౌక మీద 1971–72లో సీళ్ళు, తిమింగలాలు, పక్షుల లెక్క తీసిన జీవశాస్త్ర బృందంలో సభ్యుడు అఖౌరీ సిన్హా పేరు పెట్టారు.

చూడ్డానికి నాలుగు ముక్కలే. ఇప్పుడు ఒక్కొక్కటీ విప్పండి.

చూసింది ఎవరు? నేవీ విమానాలు. ఫోటోలు తీసిన పైలట్ల పేర్లు కూడా ఎంట్రీలో లేవు. మ్యాపు చేసింది ఎవరు? జియలాజికల్ సర్వే. పేరు పెట్టింది ఎవరు? అమెరికా కమిటీ. ఎప్పుడు? తేదీ ఇవ్వకపోయినా ఒక హద్దు దానంతట అదే తెలిసిపోతుంది: 1971–72లో చేసిన పనికి గుర్తుగా పెట్టారు కాబట్టి పేరు ఆ తర్వాతిదే. అంటే కొండ మ్యాపు మీదికి ఎక్కి కొన్నేళ్ళు పేరు లేకుండానే ఉండి ఉంటుంది. మరి సిన్హా గారు ఆ కొండ ఎక్కారా? ఎంట్రీ ఆ మాట అనలేదు. ఆయన బృందం పని సముద్రంలో, తేలే మంచు పలకల మధ్య, హెలికాప్టర్లలో తిరుగుతూ జంతువుల్ని లెక్కపెట్టడం. "భారతీయ శాస్త్రవేత్త కనుగొన్న పర్వతం" అని హెడ్డింగ్ పెట్టాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పెట్టకండి. ఆయన పనికి గుర్తింపుగా పేరు పెట్టారు అన్నదే కావలసినంత గొప్ప విషయం, దానికి లేనిపోని పర్వతారోహణ తగిలించనక్కర్లేదు.

ఇప్పుడు పక్కవాళ్ళని చూడండి. ఎంట్రీ చదవడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. సిన్హా కొండ ఉన్నది ఎరిక్సన్ బ్లఫ్స్ కొసన అన్నాం కదా. ఆ ఎరిక్సన్ ఎవరు? ఎంట్రీ తెరిస్తే ఆల్బర్ట్ ఎరిక్సన్, అదే సౌత్‌విండ్ మీద అదే జీవశాస్త్ర బృందానికి నాయకుడు. ఆ చరియ రెండో కొసన గిల్బర్ట్ బ్లఫ్ ఉంది, ఆ గిల్బర్ట్ కూడా అదే బృందంలో సభ్యుడు. అంటే కమిటీ ఒక్కో మనిషికీ విడివిడిగా కొండ వెతకలేదు, పేరు లేని కొండల వరస ఒకటి తీసుకుని టీమ్ మొత్తాన్నీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. సిన్హా ఎంట్రీ ఒక్కటే చదివితే ఇది అర్థం కాదు. కాబట్టి ఏ కొండ కథ రాస్తున్నా దాని చుట్టూ ఉన్న ఐదారు పేర్ల ఎంట్రీలు కూడా చదవండి. ఒకే ఏడాది, ఒకే స్టేషన్, ఒకే నౌక మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది ఒక విడతలో పెట్టిన పేర్ల గుంపు.

ఇలాంటి గుంపులు అంటార్కిటికా నిండా ఉన్నాయి. బ్రిటన్ కమిటీకైతే ఇదొక సరదాలా మారింది. అలెగ్జాండర్ ద్వీపం మీద సంగీతకారుల పేర్లు, అక్కడ మోట్సార్ట్, బేతోవెన్, బాహ్ ముగ్గురూ మంచులో ఉన్నారు. గ్రాహం లాండ్ పడమటి తీరంలో ఫోటోగ్రఫీకి ఆద్యులైన డాగెర్, నియెప్స్ పేర్లతో హిమానీనదాలు, విమానయానానికి బాట వేసిన బ్లెరియో పేరుతో మరొకటి. బల్గేరియా వాళ్ళు లివింగ్‌స్టన్ ద్వీపం మీద తమ ఊళ్ళ పేర్లు, చరిత్రలోని పేర్లు పరిచేశారు, అక్కడి లియస్కోవెత్స్ పీక్ ఆ దేశంలోని ఒక ఊరి పేరే. ఇలాంటి చోట "ఈ మనిషికీ ఈ కొండకీ సంబంధం ఏమిటి" అని తల బద్దలు కొట్టుకుంటే లాభం లేదు. సంబంధం జాబితాతోనే.

అమెరికా ఎంట్రీల్లో ఇంకో రకం కనిపిస్తుంది: స్టేషన్లో చలికాలమంతా ఉన్న వంటమనిషి, ఎలక్ట్రీషియన్, మెకానిక్, రేడియో ఆపరేటర్, వాతావరణ పరిశీలకుడు. ఆ కమిటీ భౌగోళిక రూపాల్ని మూడు శ్రేణులుగా విడదీసింది. పెద్ద పీఠభూములు, పర్వత పంక్తులు మొదటి శ్రేణి, చిన్న శిఖరాలు, నూనటాక్‌లు, బండలు మూడో శ్రేణి. ఎవరి పని ఎంత పెద్దదో దాన్ని బట్టి ఏ శ్రేణి కొండ దక్కుతుందో నిర్ణయిస్తారు. చిన్న శిఖరాలు ఎక్కువగా పేరు తెలియని పనివాళ్ళకి దక్కడానికి కారణం ఇదే, నా దృష్టిలో ఆ గెజిటీర్‌లో అందమైన భాగం కూడా ఇదే. దీనివల్ల మీకు ఒక జాగ్రత్త: స్మిత్, జాన్సన్ లాంటి ఇంటిపేరు కనపడగానే ఆ పేరుతో ఉన్న ప్రముఖుడికి ముడిపెట్టకండి. ఆయన ఎవరో ఎంట్రీలో రాసి ఉంటుంది, రాసి లేకపోతే ఊహించకండి.

కొండ ఎక్కడుందో తేల్చుకోవడం

కోఆర్డినేట్లు, అంటే అక్షాంశ రేఖాంశాల అంకెలు, కాపీ కొట్టి మ్యాపులో పడేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. మౌంట్ సిన్హా సుమారుగా 75 డిగ్రీల దక్షిణం, 136 డిగ్రీల పశ్చిమం దగ్గర ఉంది. దక్షిణానికీ పశ్చిమానికీ రెండిటికీ మైనస్ గుర్తు పెట్టాలి. అక్షాంశానికి మైనస్ మర్చిపోయారంటే మీ కొండ ఉత్తర ధ్రువం వైపు బోఫర్ట్ సముద్రంలో తేలుతుంది. రేఖాంశానికి మర్చిపోతే తూర్పు అంటార్కిటికా పీఠభూమి నడిబొడ్డున, ఎటు చూసినా చదునైన మంచు తప్ప ఒక రాయి కూడా లేని చోట. ఇంకో పొరపాటు నిమిషాల్ని దశాంశాలుగా చదవడం: 75 డిగ్రీల 4 నిమిషాలంటే 75.07, అంతేగానీ 75.4 కాదు. తేడా చిన్నగా కనిపిస్తుంది, నేల మీద అది 37 కిలోమీటర్లు.

గుర్తులన్నీ సరిగ్గా పెట్టినా ఎంట్రీలో ఇచ్చింది నిమిషం వరకే అయితే ఒక అక్షాంశ నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. రేఖాంశ నిమిషం 75 డిగ్రీల దగ్గర అర కిలోమీటరుకి తక్కువే, ధ్రువం వైపు పోయేకొద్దీ ఇంకా కుదించుకుపోతుంది. కాబట్టి మ్యాపులో గుర్తు పడ్డ చోట మంచు మాత్రమే ఉండి కాస్త పక్కన రాతి శిఖరం కనిపిస్తే అది మీ కొండే కావచ్చు. అప్పుడు వివరణలో ఉన్న దిక్కులు, దూరాలు చదివి పోల్చుకోవాలి. పాత ఎంట్రీల్లో అంకెల కంటే "ఫలానా హిమానీనదం తలదగ్గర, ఫలానా కొండకి ఇన్ని మైళ్ళు ఈశాన్యంగా" అన్న మాటలే ఎక్కువ నమ్మదగినవి.

ఏ మ్యాపు వాడుతున్నారన్నది కూడా ముఖ్యం. ఫోన్లో మామూలుగా చూసే మ్యాపులు 85 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, 75 డిగ్రీల దగ్గర ప్రతిదాన్నీ దాదాపు నాలుగు రెట్లు సాగదీస్తాయి. గూగుల్ ఎర్త్ లాంటి గోళం మీద చూడటం నయం. కొంచెం ఓపిక ఉంటే క్యూజిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, నార్వే పోలార్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన క్వాంటార్కిటికా ప్యాకేజీ దించుకోండి. అందులో స్కార్ పేర్లు, శాటిలైట్ చిత్రాలు, ఎత్తు గీతలు అన్నీ ముందే సర్ది ఉంటాయి. మొదటిసారి తెరిచినప్పుడు దిక్కులు తలకిందులుగా అనిపించి కాస్త టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే ధ్రువం మధ్యలో ఉండే ఆ మ్యాపులో పైవైపు ఉత్తరం కాదు, మధ్య నుంచి బయటికి ఎటు నడిచినా ఉత్తరమే. "ఆగ్నేయ కొస" అన్న మాటని స్క్రీన్ మీద కుడి కింది మూల అనుకున్నారో, ఎదురుగా ఉన్న ఇంకో కొండని పట్టుకుంటారు.

ఎత్తు

చిన్న శిఖరాల ఎత్తులు చాలావరకు అర్ధ శతాబ్దం నాటి విమాన ఫోటోల నుంచి లెక్కగట్టినవి. కొన్ని అడుగుల్లో గుండ్రంగా సర్దిన అంకెగా వేసి తర్వాత మీటర్లలోకి మార్చినవి. ఇప్పుడు శాటిలైట్ చిత్రాల నుంచి తయారైన రేమా అనే ఎత్తుల నమూనా ఉంది, 2018లో మొదటిసారి విడుదలైంది, ఎవరైనా చూడొచ్చు. అయితే అందులో ఎత్తులు భూమిని నున్నటి దీర్ఘగోళంగా ఊహించి ఆ ఉపరితలం నుంచి కొలిచినవి, సముద్రమట్టం నుంచి కాదు. ఆ రెండింటి మధ్య అంటార్కిటికాలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. కాబట్టి గెజిటీర్‌లో 990 అని ఉండి రేమాలో ఇంకో అంకె వస్తే వెంటనే "పాత కొలత తప్పు" అని రాసెయ్యకండి. ఏ అంకె వాడినా ఎక్కడి నుంచి తెచ్చారో పక్కన చెప్పండి.

పాత కొలతలు నిజంగా తప్పిన సందర్భాలూ లేకపోలేదు. ఖండంలోనే ఎత్తయిన విన్సన్ శిఖరాన్ని మొదట్లో 5,140 మీటర్లన్నారు, తర్వాత 4,897కి దించారు, 2004లో కొలిచాక 4,892 అయింది. బ్రిటిష్ అంటార్కిటిక్ టెరిటరీ అని బ్రిటన్ పిలుచుకునే భాగంలో మౌంట్ జాక్సనే ఎత్తయినదని చాలాకాలం నమ్మారు, 2017లో శాటిలైట్ చిత్రాలతో కొలిస్తే మౌంట్ హోప్ 3,239 మీటర్లతో దాన్ని 55 మీటర్లు మించిందని తేలింది. అంత పెద్ద కొండల సంగతే ఇలా ఉంటే ఎవరూ పట్టించుకోని చిన్న గుట్టల సంగతి చెప్పక్కర్లేదు.

రెండు మూడు పేర్లు ఉంటే

రాజకీయాలు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. అంటార్కిటిక్ ద్వీపకల్పాన్ని బ్రిటన్ గ్రాహం లాండ్ అంది, అమెరికా పామర్ పెనిన్సులా అంది, అర్జెంటీనా తన వీరుడు సాన్ మార్టిన్ పేరు పెట్టింది, చిలీ తన వీరుడు ఓహిగిన్స్ పేరు పెట్టింది. 1964లో బ్రిటన్, అమెరికా రాజీ పడి మొత్తానికి అంటార్కిటిక్ పెనిన్సులా అని ఖాయం చేసుకున్నాయి. ఖండంలో అంత పెద్ద ముక్కకే ఇంత పేచీ ఉంటే అదే చోట ఉన్న చిన్న శిఖరాలకి ఒక స్పానిష్ పేరు, ఒక ఇంగ్లిష్ పేరు ఉండటంలో వింతేముంది. భారత్‌కి చెందిన మైత్రి స్టేషన్ పక్కనున్న సరస్సు కూడా అంతే, మన వాళ్ళు ప్రియదర్శిని అంటారు, రష్యన్ మ్యాపుల్లో అది జూబ్.

తూర్పు అంటార్కిటికాలోని క్వీన్ మాడ్ లాండ్ కొండలైతే మరీ తిరకాసు. 1936–37లో నార్వే వాళ్ళు విమాన ఫోటోలు తీశారు, 1938–39లో జర్మన్లు తీశారు, ఇద్దరూ పేర్లు పెట్టుకున్నారు. జర్మన్ల ఫోటోలకి నేల మీద సరిచూసుకునే కొలతలు లేకపోవడంతో వాళ్ళ మ్యాపుల్లో చాలా కొండల స్థానాలు నిలకడగా లేవు. తర్వాత వచ్చిన వాళ్ళు "జర్మన్ మ్యాపులో ఉన్న ఆ కొండ ఇదేనా" అని పోల్చుకోవాల్సి వచ్చింది, అన్నిసార్లూ కుదరలేదు. ఈ ప్రాంతపు ఎంట్రీల్లో "బహుశా ఇదే అయ్యుండొచ్చు" లాంటి మాట కనిపిస్తే దాన్ని ఎగరగొట్టకుండా మీ రాతలోనూ ఉంచండి.

రాసేటప్పుడు ఒక పేరుని అసలు పేరుగా వాడి మిగతావి ఎవరు పెట్టారో చెబితే చాలు. ఏది "సరైనది" అని తీర్పు చెప్పే పని మీది కాదు. ఏ పేరు ముందు పుట్టిందో ఏళ్ళతో సహా దొరికితే అది చెప్పండి, ఎవరికి ఏం అర్థం కావాలో అది అవుతుంది.

కొత్త పేరు పెట్టించాలంటే

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దారి ఒకటే, ఏదో ఒక దేశపు నామకరణ కమిటీకి ప్రతిపాదన పంపడం. ముందు స్కార్ గెజిటీర్‌లో ఆ కొండకి ఇప్పటికే పేరు లేదని తేల్చుకోవాలి, ఎందుకంటే పేరున్న దానికి ఇంకో పేరు పెట్టొద్దన్నది ఇప్పుడు అందరూ ఒప్పుకున్న పద్ధతి. తర్వాత అది పక్కనున్న వాటి నుంచి విడిగా గుర్తించగలిగే కొండేనని చూపించాలి: కోఆర్డినేట్లు, శాటిలైట్ చిత్రం, ఎత్తు. ఆ పైన, పేరు దేనికి కావాలో చెప్పాలి. పరిశోధనలో, హెలికాప్టర్ దింపడంలో, రిపోర్టుల్లో ఆ చోటుని పదే పదే ప్రస్తావించాల్సి వస్తోంది అన్న కారణం ఉంటే ప్రతిపాదన బలంగా ఉంటుంది. ఊరికే ఖాళీగా ఉంది కదా అంటే ఉండదు.

అమెరికా కమిటీ రాసుకున్న నియమాల్లో కొన్ని సరదాగా ఉంటాయి. చుట్టరికం, స్నేహం కారణంగా సూచించిన పేర్లు ఒప్పుకోరు. డబ్బో సామానో ఇచ్చి దాన్ని అడ్వర్టైజ్‌మెంట్‌కి వాడుకోబోయిన వాళ్ళ పేర్లూ అంతే. వస్తువుల పేర్లు, స్లెడ్జి కుక్కల పేర్లు, పెంపుడు జంతువుల పేర్లు అసలే కుదరవు. పాపం కుక్కలు, ఆ మంచులో బరువంతా లాగింది అవే. తమాషా ఏమిటంటే మౌంట్ సిన్హా ఉన్న మేరీ బైర్డ్ లాండ్ పేరే అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బైర్డ్ 1929లో తన భార్యకి పెట్టింది. ఆ పక్కనే ఆయనకి డబ్బు సర్దిన రాక్‌ఫెల్లర్, ఫోర్డ్ పేర్లతో పర్వతాలున్నాయి. అంతకుముందు 1840లో ఫ్రెంచ్ నావికుడు ద్యుమోన్ ద్యుర్విల్ కూడా తన భార్య అడేలీ పేరు ఒక తీరానికి పెట్టేశాడు, ఆ పేరే తర్వాత పెంగ్విన్లకి అంటుకుంది. నియమాలు వచ్చింది ఈ పెద్దల తర్వాత.

డబ్బు కడితే అంటార్కిటికా శిఖరానికి మీ పేరు పెడతాం, సర్టిఫికెట్ కూడా ఇస్తాం అని ఎవరైనా అంటే ఆ పేరు గెజిటీర్‌లోకి రాదు. గోడకి తగిలించుకోవడానికైతే మీ ఇష్టం.

ఉత్తరం వైపు వెళ్తే

ఆర్కిటిక్‌లో పద్ధతి వేరు. అక్కడ దేశాలున్నాయి, వేల ఏళ్ళుగా మనుషులున్నారు. గ్రీన్‌లాండ్‌లో, ఉత్తర కెనడాలో ఎవరో యూరప్ నావికుడు పెట్టిన పేరు కంటే ముందే అక్కడి ఆదివాసులైన ఇన్యూట్‌ల పేరు ఉండి ఉండొచ్చు, కాబట్టి "మొదటిసారి పేరు పెట్టినది" అనే మాట అక్కడ వాడకండి. ఆ దేశపు సొంత స్థలనామాల సంస్థ జాబితా చూడండి. నార్వే కింద ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకి మాత్రం నార్వే పోలార్ ఇన్‌స్టిట్యూట్ డేటాబేస్ చాలు, పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, పాత పేర్లేమిటో ఒక్కోదానికీ ఇస్తుంది. అక్కడి అత్యున్నత శిఖరం న్యూటన్‌టొప్పెన్, ఆ న్యూటన్ మీరనుకుంటున్న న్యూటనే.

ఇంకో జాగ్రత్త, మీరు వెతికే కొండ అసలు ఉందో లేదో చూసుకోండి. 1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ ఉత్తర కెనడాలోని లాంకాస్టర్ సౌండ్ అనే జలమార్గం చివర కొండలు అడ్డంగా ఉన్నాయని చూసి, వాటికి బ్రిటిష్ నౌకాదళ కార్యాలయ కార్యదర్శి క్రోకర్ పేరు పెట్టి వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడాది ఎడ్వర్డ్ ప్యారీ నౌకల్లో సరిగ్గా ఆ "కొండల" మీదుగా వెళ్ళిపోయాడు. అంతటితో ఆగితే బాగుండేది. 1906లో అమెరికన్ అన్వేషకుడు రాబర్ట్ పియరీ తనకి డబ్బిచ్చిన ఇంకో క్రాకర్ పేరు పెట్టి దూరాన క్రాకర్ లాండ్ ఉందన్నాడు, 1914లో మెక్‌మిలన్ బృందం వారాల పాటు మంచు మీద ప్రయాణించి వెళ్ళి చూస్తే ఏమీ లేదు. చలిగాలి పొరల్లో వెలుతురు వంగి లేని కొండల్ని చూపించే ఎండమావి అది. పాత గెజిటీర్లలో ఇలాంటివి "తర్వాత కనిపించలేదు" అన్న ముక్కతో ఉంటాయి, ఒక్కోసారి ఆ ముక్క కూడా లేకుండా. శాటిలైట్ చిత్రం మీద రాయి కనపడేదాకా వ్యాసం మొదలుపెట్టకండి.

రాయడానికి కూర్చున్నాక వరస ఏదైనా పర్వాలేదు గానీ ఈ విషయాలు కలిసిపోకుండా చూసుకోండి: కొండ ఎక్కడుంది, ఎత్తు ఎంత, ఆ అంకె ఎవరిది, ఎవరు చూశారు, ఎవరు మ్యాపు చేశారు, ఏ కమిటీ పేరు పెట్టింది, ఎవరి పేరు, దేనికి. వీటిలో ఒకటి దొరక్కపోతే ఆ వాక్యం వదిలేయండి, పది వాక్యాల వ్యాసం ఏడు వాక్యాలు అయితే కొంపేం మునగదు. గెజిటీర్‌లోనే తప్పు దొరికితే, ఉదాహరణకి కోఆర్డినేట్లు సముద్రంలో పడుతుంటే, ఆ పేరు ఏ దేశానిదో చూసి ఆ దేశపు కమిటీకే ఈమెయిల్ పెట్టండి. స్కార్‌కి వెళ్ళేది అక్కడి నుంచే కాబట్టి అక్కడ దిద్దితేనే ఇక్కడ మారుతుంది. ఆ ఈమెయిల్‌కి శాటిలైట్ చిత్రం, మీరు లెక్కగట్టిన దశాంశ కోఆర్డినేట్లు, చుట్టుపక్కల రెండు మూడు కొండల పేర్లు జతచేస్తే అవతలి వాళ్ళకి పని తేలిక.